నాయిజ్ మ్యూజిక్: ఎలా వినాలి, ఎక్కడ పుట్టింది, ఇంట్లో ఎలా చెయ్యాలి

#1 · అలజడి

మెర్జ్‌బౌ, ఇన్‌కెపాసిటెంట్స్ లాంటి జపాన్ కళాకారుల పేర్లు చూసి నాయిజ్ (చప్పుళ్ళతోనే చేసే సంగీతం) మొదలుపెట్టినవాళ్ళకి రెండు నిమిషాల్లోనే ఒక సందేహం వస్తుంది. రాగం లేదు, తాళం లేదు, మాట లేదు. మరి చెవి దేన్ని పట్టుకోవాలి? ఈ విషయం మీద తెలుగులో ఒకచోట కూర్చినది కనబడలేదు, అందుకే ఈ థ్రెడ్.

అడగాల్సినవి మూడు. ఒకటి, వినే పద్ధతి. రెండు, పుట్టుక. 1913లో ఇటలీ అని కొందరు, 1979లో జపాన్ అని కొందరు అంటారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుంది? మూడు, సింథ్ (సింథసైజర్), పెడల్స్ ఏవీ లేకుండా పాత 6 ఛానెల్ అనలాగ్ మిక్సర్ ఒక్కదానితోనే చెయ్యొచ్చంటారు. ఏ సాకెట్ నుంచి ఏ సాకెట్‌కి వైరు పెట్టాలో విడమర్చి చెప్పగలరా?

#2 · శబ్దభేది

మొదటిదానికి నేను చెప్తాను.

రాగం లేకపోయినా మార్పు ఉంటుంది. నాయిజ్‌లో చెవి పెట్టాల్సింది ఆ మార్పు మీద. హోరు ఎక్కడ బుసగా మారింది, బుసలోంచి కీచు ఎప్పుడు పైకి లేచింది, గరగర ఎంత చిక్కబడింది, ఏది ఉన్నట్టుండి తెగిపోయింది. పాటలో పల్లవి తిరిగొచ్చినప్పుడు కలిగే నిండుతనం ఇక్కడ ఆ తెగిపోయే చోట దొరుకుతుంది.

నేరుగా పెద్ద ఆల్బమ్‌కి వెళ్ళొద్దు. స్వరకర్త యానిస్ జెనాకిస్ చేసిన 'కాంక్రె పీహెచ్'తో మొదలుపెట్టండి. 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ పెవిలియన్ కోసం చేసింది, మూడు నిమిషాలు కూడా ఉండదు. ముడిసరుకు ఒక్కటే: నిప్పు రాజుకుంటున్న బొగ్గుల చిటపట. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, టేపు వేగం మార్చి, పొర మీద పొర వేశాడు. మొదటిసారి విన్నప్పుడు పైనున్న సన్నని చిటపటలే వినండి. రెండోసారి వాటి సాంద్రత ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు పలచబడింది అన్నది గమనించండి. మూడోసారికి అది బొగ్గు అన్న సంగతే గుర్తుకు రాదు, ధ్వని మాత్రమే మిగులుతుంది. ఫ్రెంచ్ స్వరకర్త పియర్ షెఫర్ దీన్నే ఒక సాధనగా నేర్పాడు: శబ్దం దేన్నుంచి వచ్చిందో పక్కన పెట్టి దాని ఆకారం వినడం. నాయిజ్‌కి ఇంతకంటే మంచి ప్రవేశం నాకు కనబడలేదు.

తర్వాత మెర్జ్‌బౌ 1990ల మధ్యలో చేసిన పని. దాన్ని మూడు పట్టీలుగా ఊహించుకోండి. 200 హెర్ట్జ్ కింద దడదడ, 300 నుంచి 2,000 దాకా గుర్రు, 5,000 పైన బుస. ఒక్క పట్టీని ఎంచుకుని దాని వెంటే పోండి. చెవికి అందకపోతే ప్లేయర్‌లో ఈక్వలైజర్ తెరిచి 4,000 పైన మొత్తం తగ్గించి ఒకసారి వినండి, ఆ తర్వాత తీసేసి వినండి. అడుగున అంత కదలిక ఉందా అని ఆశ్చర్యపోతారు.

వాల్యూమ్ పెంచితేనే నాయిజ్ అన్నది కచేరీ హాలు మాట. ఇంట్లో మామూలు మాటల స్థాయికి కొంచెం పైన పెట్టుకుంటే వివరాలు ఇంకా బాగా తెలుస్తాయి. మొదట్లో పది నిమిషాలకి మించి వినొద్దు. చెవి అలిసిపోయాక అంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది, అప్పుడు ఆ ఆల్బమ్ మీద తప్పు అభిప్రాయం ఏర్పడుతుంది.

హార్ష్ నాయిజ్ వాల్ అనే శాఖను మాత్రం ఆఖరికి ఉంచుకోండి. వాంకూవర్ నుంచి ది రీటా, పారిస్ నుంచి వోమీర్. అందులో మార్పును కావాలనే తీసేస్తారు. ఒకే గోడ, అరగంట, గంట. అక్కడ కదలాల్సింది వినేవాడి చెవే.

#3 · నాదతరంగ

పుట్టుక గురించి. తేదీలున్న చోట వాదన అక్కర్లేదు. 1913 మార్చి 11న లుయీజీ రుస్సోలో 'శబ్దాల కళ' అనే మేనిఫెస్టో రాశాడు. ఆయన వృత్తికి చిత్రకారుడు, ఇటాలియన్ ఫ్యూచరిస్టుల గుంపులో వాడు. సంగీతకారుడు ప్రటెల్లాకి ఉత్తరం రూపంలో రాశాడు. ఆర్కెస్ట్రా వాద్యాల రంగులు కొద్ది, యంత్రాల మధ్య బతుకుతున్న చెవికి అవి చాలవు అన్నది సారాంశం. శబ్దాలను ఆరు కుటుంబాలుగా విడగొట్టాడు కూడా.

రాసి ఊరుకోలేదు, ఇంతోనరుమోరి అనే వాద్యాలు కట్టాడు. చూడ్డానికి చెక్కపెట్టె, ముందు పెద్ద గరాటు. లోపల డోలు చర్మం, దానికి కట్టిన తీగ. బయట పిడి తిప్పితే లోపల చక్రం తీగను రాస్తుంది, చర్మం కంపిస్తుంది, గరాటు దాన్ని పెద్దది చేస్తుంది. పైన ఒక లీవర్. దాన్ని జరిపితే తీగ బిగువు మారి స్థాయి పైకీ కిందికీ పోతుంది. చక్రం అంచు, తీగ, చర్మం మారుస్తూ పోతే ఒక పెట్టె ఊళ వేస్తుంది, ఒకటి గర్జిస్తుంది, ఒకటి గలగలమంటుంది.

1913 జూన్ 2న మోదెనాలో ఒక్క పెట్టెతో ప్రదర్శన ఇచ్చాడు. 1914 ఏప్రిల్ 21న మిలాన్ దాల్ వెర్మె థియేటర్లో పూర్తి కచేరీ. జనం అరుపులు, కొట్లాట. అసలు పెట్టెలు ఒక్కటీ మిగల్లేదు. 1921లో అన్న ఆంటోనియో ఆర్కెస్ట్రాతో కలిపి చేసిన రికార్డు ఉంది గానీ అందులో పెట్టెలు వెనక ఎక్కడో ఉంటాయి. వాటి గొంతు వినాలంటే 2009లో లుచానో కెస్సా న్యూయార్క్ పెర్ఫార్మా ఉత్సవం కోసం తిరిగి కట్టించిన 16 పెట్టెల రికార్డింగుల్లాంటివే దిక్కు.

#4 · డాలస్‌లో_డప్పు

నాదతరంగ గారూ, తేదీల్లో తేడా లేదు. నా అభ్యంతరం వేరే. మీరే చెప్పిన ఆ లీవర్ చూడండి. దాని పక్కన స్వరస్థానాల గుర్తులు ఉండేవి. రుస్సోలో శబ్దాన్ని శ్రుతి చెయ్యాలనుకున్నాడు, అంటే ఆర్కెస్ట్రాకి కొత్త వాద్యాలు చేర్చాడు. దాన్ని తాతగారి స్థానంలో పెట్టండి, అభ్యంతరం లేదు. కానీ ఇవాళ మనం నాయిజ్ అని వింటున్న దాని ముడిసరుకు వేరు. అది రికార్డింగు, యాంప్లిఫయర్. ఆ రెండూ పొరపాటున చేసే చప్పుడునే పనిగా పెట్టుకోవడం.

రికార్డింగు వైపు చూస్తే 1944లో కైరోలో హలీం ఎల్ దబ్ అప్పు తెచ్చిన వైర్ రికార్డర్‌తో జార్ అనే పూనకపు క్రతువును రికార్డు చేసి, ప్రతిధ్వని గదుల్లో తిరిగి వాయించి, గొంతుల మూలస్వరాలు తీసేసి పైస్వరాలు మాత్రం మిగిల్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు యూరప్‌ని మాత్రమే చెప్పడం అన్యాయం. నాలుగేళ్ళ తర్వాత 1948లో పారిస్ రేడియోలో షెఫర్. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, డిస్కులే. రైళ్ళ చప్పుళ్ళు డిస్కు మీద కోసి, గాడిని వలయంగా మూసేశాడు. నిమిషానికి 78 చుట్లంటే ఒక చుట్టు 0.77 సెకను. అంటే ఆ ముక్క 0.77 సెకనుకోసారి తిరిగొస్తుంది. ఇవాళ్టి లూపుకి మొదటి కొలత అదే.

యాంప్లిఫయర్ వైపు చూస్తే 1975 జులైలో లూ రీడ్ 'మెటల్ మెషీన్ మ్యూజిక్'. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు. గిటార్లను యాంప్లిఫయర్ల ముందు పెట్టి ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన ధ్వనే మళ్ళీ లోపలికెళ్ళి పెరుగుతూ పోయే కీచు) రానిచ్చి, టేపు వేగాలు మార్చి పొరలు వేశాడు. నాలుగో వైపు చివర మూసిన గాడి, ముల్లు ఎత్తేదాకా ఆగదు. ఒక పెద్ద కంపెనీ రాక్ శ్రోతల చేతుల్లో పెట్టిన శుద్ధ ఫీడ్‌బ్యాక్ అది.

#5 · నాదతరంగ

శ్రుతి మాట ఒప్పుకుంటాను. అయితే విద్యుత్తు లేకుండా నాయిజ్ లేదన్నట్టు రాశారు, అది కుదరదు. 1922 నవంబర్ 7న బాకూ రేవులో ఆర్సెనీ అవ్రామోవ్ ఓడల కూతలు, ఫ్యాక్టరీ సైరన్లు, ఫిరంగులు కలిపి ఊరంతా మోగించాడు. ఎడ్గర్ వరేజ్ 1931లో పూర్తిచేసిన 'అయోనిజేషన్'లో 13 మంది తాళవాద్యకారులు, వాళ్ళ చేతుల్లో రెండు సైరన్లు కూడా. అక్కడ మైకూ లేదు, టేపూ లేదు.

ఇంకోటి. మీరు జపాన్ అనబోతున్నారు కాబట్టి ముందే చెప్తున్నాను. మెర్జ్‌బౌ అన్న పేరే జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ హనోవర్లో తన ఇంట్లో చెత్తతో, చెక్కతో పెంచుకుంటూ పోయిన నిర్మాణం నుంచి వచ్చింది. పాత అవాంగార్డ్‌ని చదువుకునే వచ్చారు వాళ్ళు. తాతగారిని కాదని మనవడు పుట్టలేదు.

#6 · డాలస్‌లో_డప్పు

దాంతో నాకు పేచీ లేదు. ఒకరు చేసిన పని వేరు, ఒక సంగీత శైలిగా నిలబడటం వేరు. అలా నిలబడటానికి మూడు కావాలి: వరసగా చేసేవాళ్ళు, పంచుకునే దారి, వినేవాళ్ళు. ఇవి మూడూ కలిసింది 1970ల చివర్లో.

లండన్లో త్రాబింగ్ గ్రిసిల్ 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుంది. ఇండస్ట్రియల్ అన్న పేరు అక్కణ్ణుంచే. 1980లో వైట్‌హౌస్ వచ్చి చవక సింథ్‌ల కీచునీ అరుపునీ కలిపి పవర్ ఎలెక్ట్రానిక్స్ అంది.

జపాన్లో 1979లో టోక్యోలో మసామీ అకితా మెర్జ్‌బౌగా మొదలుపెట్టాడు. అదే ఏడు కన్సాయ్ ప్రాంతంలో హిజోకైదాన్. ఒసాకాలో ఆల్కమీ రికార్డ్స్ నడిపిన జోజో హిరోషిగే ఆ గుంపు మనిషే. తోషిజీ మికావా ఇన్‌కెపాసిటెంట్స్ పెట్టాడు. పగలు బ్యాంకు ఉద్యోగం, వేదిక మీద ఒళ్ళు విరుచుకుపడే ఫీడ్‌బ్యాక్. హనాతరాష్ గుంపు 1985లో హాల్లోకి తవ్వకం యంత్రం తోలిన సంగతే అందరూ చెప్తారు. దానివల్ల వాళ్ళ ధ్వని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువైపోయారు, అది నష్టం.

పంచుకునే దారి క్యాసెట్టు. అకితా తన లేబుల్ లోయెస్ట్ మ్యూజిక్ అండ్ ఆర్ట్స్ పేరుతో క్యాసెట్లకి ఫొటోకాపీ కొలాజ్ అట్టలు కట్టి పోస్టులో పంపేవాడు. అవతలివాడు తన క్యాసెట్టు తిరిగి పంపేవాడు. కాపీకి కాపీ తీసిన కొద్దీ టేపు బుస పెరిగి, పైస్వరాలు అరిగిపోతాయి. మిగతా సంగీతంలో అది నష్టం, ఇక్కడ ధ్వనిలో భాగమైపోయింది. అంత పని పేరుకుంది కాబట్టే 2000లో ఆస్ట్రేలియా లేబుల్ ఎక్స్‌ట్రీమ్ 50 సీడీల పెట్టె తేగలిగింది.

ఆయన వాయించే పద్ధతి కూడా చెప్పాలి. తీగలు, స్ప్రింగులు బిగించిన లోహపు పెట్టె, దానికి కాంటాక్ట్ మైక్ (వస్తువుకి అంటించి దాని కంపనాన్నే పట్టే మైక్), అక్కణ్ణుంచి వరసగా డిస్టార్షన్ పెడళ్ళు. 90ల్లో ఈఎమ్మెస్ సింథ్ చేరింది, 1999 తర్వాత ల్యాప్‌టాప్. సాధనం మారినప్పుడల్లా గరుకు మారింది. శబ్దభేది గారు చెప్పినట్టు వింటే ఈ మూడు దశలూ కళ్ళు మూసుకుని గుర్తుపట్టొచ్చు.

#7 · వరంగల్_వైర్

అన్నా, గిదంతా బయట దేశాల ముచ్చటే. మన దగ్గర ఎవ్వరు చెయ్యలేదా? 60లల్ల, 70లల్ల ఏమన్న జరిగిందా?

#8 · శబ్దభేది

జరిగింది తమ్ముడూ. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్లో ఎలెక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. న్యూయార్క్ నుంచి పియానిస్టు డేవిడ్ ట్యూడర్ మూగ్ మాడ్యులర్ సింథ్ తెచ్చి బిగించాడు. దాని మీద గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషిపురా, ఎస్.సి. శర్మ పనిచేశారు. ఆ టేపులు సంస్థ భాండాగారంలోనే ఉండిపోయి 2023లో బయటికొచ్చాయి. అవి ఈ థ్రెడ్‌లో చెప్పుకుంటున్న హార్ష్ నాయిజ్ కావు. సింథ్ స్వరాల జారుళ్ళు, టేపు ప్రతిధ్వని, ఫిల్టర్ చేసిన బుస ఎక్కువ. కానీ శబ్దాన్ని శబ్దంగా పట్టుకున్న పని.

గీతా సారాభాయ్ పేరు ఇంకో కారణానికి గుర్తుపెట్టుకోవాలి. 1946లో న్యూయార్క్‌లో ఆమె అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కి మన సంగీతం నేర్పింది, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. 1952లో ఒక్క స్వరమూ వాయించని నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల కృతితో హాల్లోని చప్పుళ్ళనే వినమన్న కేజ్ ఆయనే. ఆ కృతిని పియానో ముందు కూర్చుని మొదట ప్రదర్శించింది ఎవరో కాదు, ఈ ట్యూడరే.

అలజడి గారి మూడో ప్రశ్న కూడా ఇక్కడికే వస్తుంది. 1970ల మొదట్లో ట్యూడర్ బయటి ధ్వని ఏదీ ఇవ్వకుండా పరికరాల అవుట్‌పుట్‌ని వాటి ఇన్‌పుట్‌కే కలిపి వాయించాడు. 1990ల చివర్నుంచి టోక్యోలో తోషిమారు నకమురా మిక్సర్ ఒక్కదానితో అదే పద్ధతిని పూర్తి వాద్యంగా మార్చాడు. వైర్ల సంగతి కోఠి_సోల్డర్ చెప్తే బాగుంటుంది.

#9 · కోఠి_సోల్డర్

నో ఇన్‌పుట్ మిక్సర్. కావాల్సింది కనీసం రెండు ఆక్స్ సెండ్‌లు (ఛానెల్ ధ్వనిని విడిగా బయటికి పంపే అవుట్‌పుట్‌లు), ఛానెల్‌కి మూడు బ్యాండ్ల ఈక్యూ (ఈక్వలైజర్) ఉన్న అనలాగ్ మిక్సర్. మిడ్ ఫ్రీక్వెన్సీ జరుపుకునే నాబ్ ఉంటే మహా బాగు, వాయించేదంతా దాని మీదే. 6.35 మిల్లీమీటర్ల జాక్ కేబుళ్ళు నాలుగు.

వైర్లు పెట్టే ముందు: స్పీకర్లు ఆఫ్, మెయిన్ ఫేడర్ పూర్తిగా కిందికి, హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోవద్దు, మైకులకి కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ ఆఫ్. ఎక్స్ఎల్ఆర్ మైక్ ఇన్‌పుట్ జోలికి అసలు పోవద్దు. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా ఆక్స్ అవుట్‌ని దాంట్లో గుచ్చితే ఆ అవుట్‌పుట్ ఐసీ పోయే ప్రమాదం ఉంది. లైన్ ఇన్ సాకెట్లు మాత్రమే వాడండి.

ఆక్స్ 1 సెండ్ నుంచి ఛానెల్ 1 లైన్ ఇన్‌కి ఒక వైరు. ఆక్స్ 2 సెండ్ నుంచి ఛానెల్ 2 లైన్ ఇన్‌కి ఇంకొకటి. గెయిన్ నాబ్‌లు కనిష్ఠం, ఈక్యూ అన్నీ మధ్యలో, ఛానెల్ ఫేడర్లు 0 గుర్తు దగ్గర, ఆక్స్ మాస్టర్లు మధ్యలో. ఇప్పుడు ఛానెల్ 1 మీద ఆక్స్ 1 నాబ్‌ని మెల్లిగా తిప్పుతూ పోండి, కళ్ళు మీటర్ మీద. ఒకచోట మీటర్ ఒక్క ఉదుటున ఎగురుతుంది. లూప్ మొదలైంది. అప్పుడు స్పీకర్ ఆన్ చేసి మెయిన్ ఫేడర్‌ని అడుగు నుంచి కొద్దికొద్దిగా లేపండి.

ఎందుకొస్తుందంటే, ఛానెల్లోకి వెళ్ళింది ఆక్స్ ద్వారా బయటికొచ్చి మళ్ళీ అదే ఛానెల్లోకి వెళ్తుంది. చుట్టు తిరిగే సరికి ఏ ఫ్రీక్వెన్సీ కాస్తంత పెరిగి అదే ఫేజ్‌లో (అలల ఎత్తుపల్లాలు కలిసేలా) తిరిగొస్తుందో అది ప్రతి చుట్టుకీ పెరుగుతూ పోయి, ఆపాంప్ (మిక్సర్లో సిగ్నల్‌ని పెంచే ఐసీ) ఇవ్వగలిగిన వోల్టేజీ దగ్గర చదునుగా తెగుతుంది. ఆ తెగడమే గరుకు. ఈక్యూ తిప్పితే ఏ ఫ్రీక్వెన్సీ గెలవాలో మారుతుంది కాబట్టి స్వరం జారుతుంది.

ఒక్క లూపుతో వచ్చేది ఈల. నాయిజ్ కావాలంటే రెండు లూపులు ఒకదాన్నొకటి పొడవాలి. రెండోదీ మొదలయ్యాక ఛానెల్ 1 మీద ఆక్స్ 2 నాబ్‌ని, ఛానెల్ 2 మీద ఆక్స్ 1 నాబ్‌ని కాస్త తెరవండి. ఒకటి 400 హెర్ట్జ్, ఇంకొకటి 403 దగ్గర ఉంటే ధ్వని సెకనుకి మూడుసార్లు పెరిగి తగ్గుతూ వినిపిస్తుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఆ నాబ్‌లను బాగా తెరిచెయ్యడం. అప్పుడు బలంగా ఉన్న లూపు రెండోదాన్ని తనలోకి లాక్కుంటుంది, రెండూ ఒకే స్వరంలో ఇరుక్కుంటాయి. కలుపు తక్కువగా ఉంచి, లూపుల గెయిన్ ఎక్కువగా ఉంచండి. పగిలిపోతూ, కూడుకుంటూ, చిటపటలాడే అంచు అక్కడే ఉంటుంది. ఆ అంచు మీద మిడ్ నాబ్‌ని వెంట్రుకవాసి కదిపితే ధ్వని మొత్తం మారుతుంది.

డిలే పెడల్ ఉంటే ఆక్స్ 2కీ ఛానెల్ 2కీ మధ్యలో పెట్టండి. 300 మిల్లీసెకన్లు పెడితే సెకనుకి మూడుసార్లకి పైగా తిరిగొచ్చే దెబ్బ వస్తుంది, ప్రతి చుట్టుకీ మరింత చెడుతూ.

#10 · అలజడి

కోఠి అన్నా, చాలా స్పష్టంగా ఉంది. ఒక చిక్కు. ఆక్స్ 1 పూర్తిగా తిప్పినా మీటర్ కదలట్లేదు. మ్యూట్ లేదు, ఫేడర్ 0 దగ్గరే ఉంది, కేబుల్ మార్చి చూశాను.

#11 · కోఠి_సోల్డర్

రెండు కారణాలు ఉండొచ్చు. లూప్ గెయిన్ (ఒక చుట్టులో ధ్వని ఎన్ని రెట్లవుతుందో ఆ లెక్క) ఒకటికి చేరకపోవడం మొదటిది. ఆక్స్ మాస్టర్ పూర్తిగా తెరిచి, ఛానెల్ గెయిన్ పావు వంతు పెంచండి. రెండోది ఫేజ్. కొన్ని మిక్సర్లలో ఆక్స్ అవుట్ తలకిందుల ఫేజ్‌లో వస్తుంది, ఈక్యూ మధ్యలో ఉంటే ప్రతి చుట్టూ ముందుదాన్ని చెరిపేస్తుంది. ట్రెబుల్ పూర్తిగా పెంచి బేస్ పూర్తిగా తగ్గించండి. ఈక్యూ తెచ్చే ఫేజ్ మార్పు చాలు, ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర లూప్ అందుకుంటుంది.

మీటర్ నిండుగా ఉండి ఏమీ వినబడకపోతే వెంటనే మెయిన్ దించెయ్యండి. లూప్ 20 హెర్ట్జ్ కిందో, చెవికందనంత పైనో తిరుగుతోందన్నమాట. కిందైతే వూఫర్ కోను ముందుకీ వెనక్కీ ఊగుతూ కనబడుతుంది. పైనైతే ఏమీ కనబడదు, ట్వీటర్ నిశ్శబ్దంగా కాలిపోతుంది. ఛానెల్ మీద 75 లేదా 80 హెర్ట్జ్ లో కట్ స్విచ్ ఉంటే వేసి ఉంచండి, కంప్యూటర్లో స్పెక్ట్రమ్ అనలైజర్ తెరిచి పెట్టుకోండి.

#12 · రాగితీగ

మిక్సర్ అయింది కాబట్టి కాంటాక్ట్ మైక్ కూడా చెప్పేస్తాను. 27 మిల్లీమీటర్ల ఇత్తడి పియెజో బిళ్ళ, కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరకి దొరుకుతుంది. వైర్లు లేని బిళ్ళైతే మీరే అంటించాలి. మధ్యలో తెల్లటి వెండిపూత మీద సిగ్నల్, ఇత్తడి అంచు మీద షీల్డ్. ఇత్తడిని ముందు గరుకు కాగితంతో రుద్దండి. వెండిపూత మీద ఐరన్ రెండు సెకన్లు మించి ఆనితే పూత లేచిపోతుంది, బిళ్ళ చచ్చినట్టే. వైరు కొనకి ముందే టంకం పూసి పెట్టుకుని, తాకించి తీసెయ్యండి. కేబుల్ షీల్డెడ్‌దే కావాలి, లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ నాయిజ్‌ని మింగేస్తుంది.

చాలామంది బిళ్ళని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌లో గుచ్చి "రేకు డబ్బా చప్పుడు వస్తోంది, బేస్ లేదు" అంటారు. కారణం లెక్కలో ఉంది. ఈ సైజు బిళ్ళ దాదాపు 20 నానోఫారడ్ కెపాసిటర్. 10 కిలో ఓమ్ లైన్ ఇన్‌తో కలిస్తే 796 హెర్ట్జ్ కింద అంతా కోసుకుపోతుంది. 2 కిలో ఓమ్ మైక్ ఇన్‌లో పెడితే 4,000 దగ్గరే కోత. 1 మెగా ఓమ్ గిటార్ ఇన్‌పుట్‌లో అయితే 8 హెర్ట్జ్, అంటే కోతే లేదు. కాబట్టి ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ లేదా హై జెడ్ బటన్ ఉంటే అది నొక్కండి, అంతే.

లేకపోతే చిన్న బఫర్ (బిళ్ళకీ మిక్సర్‌కీ మధ్య ఉండి బేస్ పోకుండా చూసే సర్క్యూట్) కట్టుకోవాలి. టీఎల్072 ఐసీ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ. 8వ కాలికి ప్లస్, 4వ కాలికి గ్రౌండ్. రెండు 10 కిలో ఓమ్‌లు ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య వరసగా పెడితే మధ్య బిందువు 4.5 వోల్టులు, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్. ఆ బిందువు నుంచి 1 మెగా ఓమ్ 3వ కాలికి. బిళ్ళ సిగ్నల్ 0.1 మైక్రోఫారడ్ గుండా అదే 3వ కాలికి. 1, 2 కాళ్ళు కలిపెయ్యండి. 1వ కాలి నుంచి 10 మైక్రోఫారడ్ గుండా జాక్‌కి, ప్లస్ వైపు ఐసీ దిక్కు ఉండాలి, జాక్ దగ్గర గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్. వాడని సగాన్ని గాలికి వదలొద్దు: 5వ కాలు 4.5 వోల్టులకి, 6, 7 ఒకదానికొకటి.

బిళ్ళ ఎక్కడ అంటించాలన్నది చాలామంది పట్టించుకోరు. వేలాడదీసిన రేకు అయితే మూల దగ్గర పెట్టండి. స్వేచ్ఛగా ఉన్న రేకులో దాదాపు ప్రతి కంపనానికీ మూల కదులుతుంది, నడిమధ్యలో చాలా కంపనాలకి కదలిక ఉండదు. మొదట రెండు వైపులా అతుక్కునే పలుచటి టేపుతో చోటు వెతకండి, కుదిరాక ఇపాక్సీ. స్పాంజి టేపు వాడితే పైస్వరాలు అదే మింగేస్తుంది. అర మిల్లీమీటర్ ఉక్కు రేకు, దాని మీద రెండు స్ప్రింగులు సాగదీసి బిగిస్తే గీకడానికి, మీటడానికి, విల్లుతో రాయడానికి సరిపోతుంది. ఇత్తడి వైపు రేకు మీదికి పెట్టి, రేకుని కూడా ఒక వైరుతో షీల్డ్‌కి కలిపితే అదీ షీల్డ్‌లో భాగమవుతుంది. వెండిపూత వైపు ఇన్సులేషన్ టేపు వేసి దాని మీద రాగి టేపు చుట్టి గ్రౌండ్‌కి కలపండి.

#13 · శబ్దభేది

వీటిని స్పీకర్లో పెట్టేవాళ్ళు ఒక్క విషయం గమనించాలి. మామూలు పాటలో శిఖరానికీ సగటుకీ మధ్య 12 నుంచి 18 డెసిబెల్స్ తేడా ఉంటుంది. హార్ష్ నాయిజ్‌లో అది 3 నుంచి 6. మీటర్ శిఖరం ఒకేలా చూపించినా వాయిస్ కాయిల్‌కి పోయే సగటు శక్తి పది రెట్లు కావచ్చు. పాటలకి పెట్టే చోటు నుంచి 10 డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టండి. కాయిల్ వాసన వచ్చాక ఆపితే ఆలస్యమే.

చెవులకీ అదే లెక్క. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. 94కి గంట, 100కి 15 నిమిషాలు. కచేరీకి వెళ్తే ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. విన్న తర్వాత చెవిలో గింగురుమంటే ఆ రోజుకి ఇంకేమీ వినొద్దు.

#14 · నాదతరంగ

ఫైళ్ళ గురించి చిన్నమాట. ఎంపీ3 ఒక ధ్వని ఇంకోదాన్ని కప్పేస్తుందన్న లెక్కతో అనవసరమైనవి పారేస్తుంది. నాయిజ్‌లో అన్నీ ఒకేసారి ఉంటాయి, కాబట్టి 128 కేబీపీఎస్‌లో పై బుస నీళ్ళల్లో మునిగినట్టు గులగులలాడుతుంది, సాధారణంగా 16,000 హెర్ట్జ్ పైన కోసేస్తుంది కూడా. ఏదీ పారెయ్యకుండా కుదించే ఎఫ్‌ఎల్‌ఏసీలో వినండి. మామూలు పాట అందులో దాదాపు సగానికి కుదించుకుంటుంది, ముదురు నాయిజ్ సీడీ సైజుకి దగ్గరగానే ఉండిపోతుంది. ఫైలు పెద్దగా ఉందని అనుమానపడొద్దు, కుదించడానికి అందులో పునరావృతం లేదు.

#15 · వరంగల్_వైర్

రాగితీగ అన్నా, బఫర్ కట్టిన, మంచిగనే పనిచేస్తుంది. రేకును గట్టిగ కొడితే మాత్రం మధ్యల ఫట్‌మని పగులుడు వస్తుంది, అది డిస్టార్షన్ లెక్క లేదు. ఐసీ పోతదా? జీనర్ డయోడ్లు పెట్టాల్నా?

#16 · రాగితీగ

గట్టి దెబ్బకి ఆ బిళ్ళ పదుల వోల్టులు పుట్టిస్తుంది. రక్షణకి 5.1 వోల్టుల జీనర్లు రెండు, ఒకదానికొకటి ఎదురెదురుగా వరసలో కలిపి, బిళ్ళ రెండు కొసల మధ్య పెట్టు. ఐసీకి చాలావరకు రక్షణ.

కానీ ఆ పగులుడు అంతటితో పోదు. టీఎల్072కి ఒక లక్షణం ఉంది. ఇన్‌పుట్ మైనస్ రైలుకి (సరఫరా వోల్టేజీ కింది అంచుకి) బాగా దగ్గరైతే అవుట్‌పుట్ కిందికి పోవాల్సింది పోయి ఒక్కసారిగా పైకి తిరుగుతుంది. నువ్వు వింటున్నది అదే. 9 వోల్టుల్లో రెండు వైపులా 3 వోల్టుల చోటే ఉంటుంది కాబట్టి తొందరగా తగులుతుంది. కొందరు ఆ చప్పుడు కోసమే దాన్ని అలాగే ఉంచుతారు. వద్దనుకుంటే రెండు బ్యాటరీలు వరసలో పెట్టి 18 వోల్టులు ఇవ్వు.

ఇంకా తేలిక దారి, బిళ్ళకి సమాంతరంగా 47 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి. 20కి 47 తోడైతే సిగ్నల్ 10 డెసిబెల్స్‌కి కాస్త ఎక్కువ తగ్గుతుంది. రెసిస్టర్‌తో తగ్గిస్తే బేస్ పోతుంది, కెపాసిటర్‌తో తగ్గిస్తే బేస్ అలాగే ఉంటుంది. ముందు ఇది పెట్టి చూడు, మామూలు దెబ్బలకి జీనర్ల దాకా పోవాల్సిన పని పడదు. జీనర్లు మాత్రం తీసెయ్యకు, రేకు కింద పడినప్పుడు కాపాడేవి అవే.